కూలిన మునగ చెట్టు వేరు: తినొచ్చా, పట్టు వేయొచ్చా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. మొన్నటి గాలివానకు పెరట్లో పెద్ద మునగ చెట్టు వేళ్లతో సహా పడిపోయింది. వేరు విరిస్తే ఆవపిండి ఘాటు, ముల్లంగి వాసన కలిసి ముక్కుకు కొడుతోంది. దీన్ని పచ్చడిలా తింటారని ఏదో వీడియోలో చూశారు. మీ అత్తగారేమో ఆ వేరు నూరి మామగారి మోకాళ్లకు పట్టు వేద్దామంటున్నారు. మామగారికి షుగరు ఉంది. పురిటికి వచ్చిన ఆడపడుచు కూడా ఇంట్లోనే ఉంది. తినొచ్చా, పట్టు వేయొచ్చా, చెట్టు మళ్లీ బతుకుతుందా అని మూడు ప్రశ్నలు.

నాది అనంతపురం వైపు. మెట్ట భూమిలో మునగ తోట వేశాను, నారు కూడా పెంచి అమ్ముతాను. మునగ వేరు సంగతి ఏడాదికి నలుగురైదుగురు అడుగుతూనే ఉంటారు కాబట్టి ఈసారి వివరంగానే రాస్తాను.

ముందు జవాబు: ఆ పడిపోయిన చెట్టు వేరు తినకండి. మోకాళ్లకు పట్టు కూడా వద్దు. కడుపుతో ఉన్నవాళ్లు ఏ మునగ వేరూ, వేరు తొక్కా నోట పెట్టకూడదు. మునగ వేరు తినడమనేది అబద్ధమేమీ కాదు. కానీ తినేది మూడు నాలుగు నెలల లేత మొక్క వేరు. అదీ తొక్క పూర్తిగా తీసేసి, నాలుక్కి ఘాటు తగలడానికి చిటికెడు. ఇంగువ వాడినట్టు వాడాలి తప్ప ముల్లంగి వండినట్టు వండకూడదు. మీ చెట్టు సంగతి చివర్లో చెప్తాను, దానికి ఇంకా ఆశ ఉంది.

వీడియోలో చూపించినది ఎక్కడి నుంచి వచ్చిందంటే, ఇంగ్లండులో హార్స్‌రాడిష్ అని ఒక దుంప ఉంది. దాన్ని తురిమి, వెనిగర్ కలిపి మాంసం పక్కన నంజుకుంటారు. చలిదేశపు మొక్క, మన మైదానాల ఎండలకు సరిగ్గా రాదు. ఇక్కడికి వచ్చిన దొరలకు ఆ ఘాటు లేక ముద్ద దిగలేదు కాబోలు, మునగ లేత వేరులో అదే ఘాటు ఉందని పట్టుకుని దాన్నే తురుముకున్నారు. అప్పటి నుంచి ఇంగ్లీషులో మునగను హార్స్‌రాడిష్ ట్రీ అని కూడా అంటున్నారు. మన ఇళ్లలో మాత్రం ఆకు, పువ్వు, కాయ వంటింట్లోకి వచ్చాయి, వేరు, బెరడు వైద్యుడి సంచీలోకి వెళ్లాయి. ఆయుర్వేదంలో శిగ్రు అన్న పేరుతో వేరు తొక్కను మందుగానే చెప్పారు, ఆహారంగా కాదు. ఈ విభజన ఊరికే రాలేదని నా అభిప్రాయం.

ఘాటు ఎక్కడిదో తెలిస్తే జాగ్రత్త ఎందుకో కూడా తెలుస్తుంది. మునగ, ఆవాలు, క్యాబేజీ, ముల్లంగి, బొప్పాయి, ఇవన్నీ వృక్షశాస్త్రంలో ఒకే గణానికి చెందినవి. వీటన్నిటిలో గ్లూకోసినోలేట్లనే పదార్థాలు ఉంటాయి. అవి ఉన్నచోట ఉన్నంతసేపు ఘాటు లేదు, వాసన లేదు. కణం చితికినప్పుడు మైరోసినేజ్ అనే ఎంజైము వాటిని తగులుకుని ఐసోథయోసయనేట్లుగా మారుస్తుంది. కళ్లు మండించేది అదే. బొప్పాయి గింజ ఎప్పుడైనా కొరికి చూశారా? అందులో వచ్చే మంట, మునగ వేరులో వచ్చే మంట రెండూ బెంజైల్ ఐసోథయోసయనేట్ వల్లే. మొక్కకు ఇది ఆయుధం. మట్టిలో పురుగులు, బూజులు దుంపను తినకుండా కాపాడుకుంటుంది. 1950ల ప్రాంతంలో బెంగళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో మునగ వేరు మీద పనిచేసినవాళ్లు, అందులో సూక్ష్మజీవులను చంపే పదార్థం ఉందని చెప్పి టెరిగోస్పెర్మిన్ అని పేరు పెట్టారు. 1980ల్లో మరికొందరు తిరిగి పరీక్షించి, అసలు పనిచేసేది ఈ ఐసోథయోసయనేట్ల జాతి పదార్థమే అన్నారు. సూక్ష్మజీవిని చంపేంత పదును ఉన్నది మన పేగుల లోపలి పొరను మాత్రం ముద్దు చేస్తుందనుకోకూడదు కదా.

ఘాటు ఒక్కటే అయితే ఇంత భయపెట్టను. ఆవాలూ ఘాటే. మునగ వేరు తొక్కలో ఆల్కలాయిడ్లు కూడా ఉన్నాయి. మోరింజిన్, మోరింజినిన్ అని రెండు పేర్లు పుస్తకాల్లో కనిపిస్తాయి. గుండె వేగం మీద, రక్తనాళాల మీద, నరాల మీద పనిచేసే రకం ఇవి. వేరు తొక్క మందంగా, మెత్తగా ఉంటుంది కాబట్టి కడిగి అలాగే నూరేస్తే వీటినీ కలిపి మింగినట్టే. అందుకే వేరు తినడం గురించి రాసిన ప్రతి మంచి పుస్తకంలోనూ తొక్క మొత్తం తీసేయమనే ఉంటుంది. తొక్క తీస్తే ఇక నిశ్చింత అనుకునేరు. మధ్య భాగంలోనూ ఇవి ఎంతో కొంత ఉంటాయి. అందుకే చిటికెడు అంటున్నాను.

మీ ఆడపడుచు విషయానికొస్తే ఇందులో బేరం లేదు. మునగ వేరును గర్భం నిలవకుండా చేయడానికి వాడిన చరిత్ర మన దేశంలో చాలా ప్రాంతాల్లో ఉంది. వేరు కషాయం ఎలుకలకు పట్టి చూసిన ప్రయోగాల్లో కూడా గర్భం నిలవలేదని తేలింది. “మా నాయనమ్మ తాగింది, ఏం కాలేదు” అని ఎవరైనా అంటే వినేసి ఊరుకోండి. వేరు నూరిన రోలు కూడా బాగా కడిగాకే ఆమెకు చట్నీ నూరండి. ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పాలి, ఎందుకంటే వేరు వద్దంటే చాలామంది మునగ మొత్తాన్నే మానిపించేస్తారు. వంటలో వేసే ఆకు, కాయలకు ఈ నిషేధం వర్తించదు. పురుడయ్యాక బాలింతకు తెలగపిండి వేసి మునగాకు కూర వండిపెట్టడం మన కోస్తా ఇళ్లలో ఎప్పటి నుంచో ఉన్నదే. అది నిక్షేపంగా పెట్టండి.

ఇక పెద్ద చెట్టు వేరు, లేత మొక్క వేరు ఒకటి ఎందుకు కావో చూద్దాం.

మునగ గింజ నాటితే మొదటి రెండు మూడు నెలలు పైన కనిపించే మొక్క కంటే కింద జరిగే పనే ఎక్కువ. మొక్క మోకాలెత్తు కూడా రాకముందే తల్లివేరు బొటనవేలంత లావై, తెల్ల ముల్లంగి ఆకారంలో ఊరుతుంది. వానాకాలం అయ్యాక నెలల తరబడి వాన సరిగా పడని నేలలో పుట్టిన చెట్టు ఇది. హిమాలయాల దిగువన, వాయవ్య భారతంలోని పొడి కొండవాలులే దీని పుట్టిల్లు. మొదటి ఎండాకాలం గట్టెక్కాలంటే నీరు, పిండిపదార్థం కింద దాచుకోక తప్పదు. మేక వచ్చి మొదలంటా కొరికేసినా, ఎండకు ఆకంతా రాలిపోయినా, ఒక వాన పడితే ఆ దుంప బలంతోనే మళ్లీ చిగురిస్తుంది. నారుమడిలో నేనే చూస్తుంటాను, నీళ్లు పెట్టడం మరిచిపోయి ఎండిపోయిందనుకుని పక్కన పడేసిన కవరులోంచి తొలకరికి మోసు వచ్చేస్తుంది.

ఈ దశలో పీకిన వేరు గోరుతో గిల్లితే పటుక్కున విరుగుతుంది, తడిగా ఉంటుంది, నార ఉండదు. ఏడాది దాటిందంటే అదే వేరు పీచు పట్టి బెండులా అవుతుంది. పదేళ్ల చెట్టు వేరంటే తొక్క మందం పెరిగి, లోపల తినడానికి పనికొచ్చే మెత్తని భాగమంటూ ఏమీ మిగలదు. అంటే మీరు నూరబోయేది చాలావరకు తొక్కనే. వద్దనడానికి మొదటి కారణం ఇదే. రెండో కారణం నేల. ఇంటి పక్కన పెరిగిన చెట్టు మొదట్లో ఎన్నేళ్లుగా ఏమేం పోశారో ఎవరికి గుర్తుంటుంది? గోడకు చెదలు పట్టిందని క్లోరోపైరిఫాస్ పోసి ఉండొచ్చు, బట్టలుతికిన నీళ్లు, బండి కడిగిన నీళ్లు అటే పోయి ఉండొచ్చు. ఆకు కంటే వేరు ఆ మట్టికి చాలా దగ్గర.

ఇంత చెప్పినా రుచి చూడాలనే ఉంటే, చేయాల్సిన పద్ధతి ఇది. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లు మాత్రమే. పిల్లలకు, గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు, బీపీకి గుండెకు మందులు వాడేవాళ్లకు, కడుపులో పుండు ఉన్నవాళ్లకు వద్దు.

పెరటి మట్టి కాకుండా కొత్త ఎర్రమట్టి, ఇసుక, బాగా మాగిన పశువుల ఎరువు సమంగా కలిపి లోతైన కవర్లలో నింపండి. కవరు పొడవుగా ఉండాలి. పొట్టి కుండీలో వేస్తే వేరు అడుగున తగిలి వంకర్లు తిరుగుతుంది, తొక్క తీయడం నరకం. గింజ ఒక రాత్రి నానబెట్టి అంగుళం లోతున పెడితే వారం పది రోజుల్లో మొలుస్తుంది. పీకేఎం-1 గింజ ఎక్కడైనా దొరుకుతుంది. తమిళనాడులోని పెరియకుళం ఉద్యాన కళాశాల నుంచి వచ్చిన రకం అది, ఈ రోజు మన తోటల్లో ఎక్కువ భాగం దాని సంతతే. విత్తన ప్యాకెట్లలో గింజకు తెగుళ్ల మందు రంగు పట్టించి ఉంటే అది నాటడానికే, గింజను మాత్రం నోట్లో వేసుకోకండి.

తోట వేసే రైతులెవరైనా తెలిస్తే ఇంకా సులువు. గుంతకు రెండు గింజలు వేసి, మొలిచాక బలహీనంగా ఉన్నదాన్ని తీసేయడం మా దగ్గర రివాజు. రెండున్నర మీటర్ల ఎడంలో ఎకరాకు 640 గుంతలు వస్తాయి. రెండూ మొలిచిన గుంతల్లో ఒకదాన్ని పీకెయ్యాల్సిందే. కొందరు రైతులు అది కాస్త ఎదిగేదాకా ఆగి పీకుతారు, అలాంటి చోట లేత వేరు ఊరికే దొరుకుతుంది. మా కూలి ఆడవాళ్లు అప్పుడప్పుడు ఒకటి తుడిచి కొరికి, “అబ్బ, ముక్కు తెరుచుకుంది” అని నవ్వుకుంటూ ఉమ్మేస్తారు. మింగడం మాత్రం చూడలేదు.

మొక్క రెండడుగుల ఎత్తు వచ్చినప్పుడు పీకండి. మట్టి పోయేలా కడిగి, కత్తితో గోధుమరంగు పైపొర గీరండి. చాలామంది అక్కడితో ఆపేస్తారు, అది చాలదు. దాని కింద మెత్తగా, కొంచెం జిగటగా ఇంకో మందపాటి పొర ఉంటుంది. కత్తి మొనతో నిలువుగా ఒక గాటు పెట్టి గోటితో లాగితే అరటి తొక్క ఊడినట్టు ఊడివస్తుంది. మిగిలిన తెల్లటి మధ్య భాగమే మీది. బొటనవేలంత లావు ఉన్న వేరులో చివరికి మిగిలేది పెన్సిలంత. ఇంతేనా అనిపిస్తుంది. ఇంతే.

కిటికీ తెరిచి సన్నటి రంధ్రాల తురుముపీట మీద తురమండి, ముఖం దూరంగా పెట్టుకోండి. తురిమిన తర్వాత రెండు మూడు నిమిషాలు ఆగాలి. ఎంజైము పనిచేసి ఘాటు పైకి వచ్చేది అప్పుడే. ఆ తర్వాత వెనిగర్ గానీ నిమ్మరసం గానీ, ఉప్పు కలపండి. పులుపు పడగానే ఆ చర్య అక్కడితో ఆగి ఘాటు కాస్త నిలబడుతుంది. ముందే పులుపు కలిపితే చప్పగా ఉంటుంది, అసలు కలపకపోతే గంటలో ఘాటంతా ఎగిరిపోయి చేదు మిగులుతుంది. చిన్న సీసాలో పెట్టి ఫ్రిజ్‌లో ఉంచి కొద్దిరోజుల్లో ముగించండి. నిలవ పచ్చడి కాదిది. గట్టి పెరుగులో పావు చెంచా కలిపి కాల్చిన చేపతోనో ఉడికించిన బంగాళాదుంపతోనో తింటే రుచి తెలుస్తుంది. మనిషికి పావు చెంచా దాటొద్దు, రోజూ అసలొద్దు.

పులుసులో వేయొచ్చా అని కూడా కొందరు అడుగుతారు. వేడి తగిలితే ఎంజైము చచ్చిపోతుంది, ఉన్న ఘాటు ఆవిరైపోతుంది. కాబట్టి రుచి ఉండదు, తొక్కలోని ఆల్కలాయిడ్లు మాత్రం ఘాటులా ఆవిరైపోవు. అంటే రావలసింది పోయి, పోవలసింది ఉండిపోతుందన్నమాట. పోపులో వేయించి రోటి పచ్చడి చేసుకునే మన పద్ధతి కూడా ఇదే కారణంగా దీనికి పనికిరాదు.

హైదరాబాదు నుంచి ఒక హోటల్ వంటాయన కొన్నాళ్లు నా దగ్గర లేత వేళ్లు తెప్పించుకున్నారు. బయటి నుంచి వచ్చే హార్స్‌రాడిష్ సీసా ఖరీదెక్కువ, పైగా తాజాగా ఉండదని ఆయన బాధ. నేను పొడుగు కవర్లలో ప్రత్యేకంగా పెంచి, ఆకు కోసేసి, తడి గోనెలో చుట్టి బస్సుకు ఎక్కించేవాణ్ని. ఆయన చెప్పిన మాట బాగా గుర్తుంది: ఘాటు సరిపోయింది గానీ వెనకాల ఒక చిరుచేదు వస్తోంది, మీగడ ఎక్కువ కలిపితేగానీ అది కప్పడంలేదు. అది నిజమే. హార్స్‌రాడిష్‌కు ఉన్న తీపి దీనికి లేదు. చివరికి ఆయన ముల్లంగి తురుములో ఆవపిండి కలిపి పని కానిచ్చేస్తున్నారు, నాకేమీ అభ్యంతరం లేదు. మీకూ నా సలహా అదే. ఘాటే కావాలంటే పచ్చి ఆవపిండి మన ఇంట్లో లేదా? పెరుగుపచ్చడిలో వేసుకుంటే ఆ ముక్కు అదురుడు అదే, ప్రమాదం లేదు.

మోకాళ్ల పట్టు గురించి. మీ అత్తగారి మాట గాల్లోంచి రాలేదు. నొప్పుల మీద మునగ వేరు తొక్క నూరి కట్టడం పాత వైద్యమే. అది చేసే పనేమిటంటే చర్మాన్ని మండించి, రక్తాన్ని పైకి లాగి, ఆ మంటలో లోపలి నొప్పి తెలియకుండా చేయడం. ఎంతసేపు ఉంచాలో తెలిసినవాళ్లు కాసేపటికే తీసేస్తారు. తెలియనివాళ్లు రాత్రంతా కట్టి పడుకుంటారు. మా పక్క ఊళ్లో ఒక పెద్దాయన అలాగే కట్టుకుని పడుకుంటే తెల్లారేసరికి మోకాలిచిప్ప చుట్టూ నీటిబొబ్బలు. నొప్పి సంగతి దేవుడెరుగు, పుండు మానడానికే నెల పట్టింది. ఆయనకు షుగరు లేదు. మీ మామగారికి ఉంది. షుగరు ఉన్నవాళ్లకు కాళ్లలో స్పర్శ తగ్గి ఉండొచ్చు, అంటే కాలుతున్నా తెలియదు, తెలిసేసరికి పుండైపోతుంది, ఆ పుండు మానదు. వాడాలనే పట్టుదల ఉంటే ఆయుర్వేద డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి, ఎంత కట్టాలో ఎంతసేపు కట్టాలో వాళ్లు చెప్తారు. ఇంట్లో ప్రయోగాలు వద్దు. అత్తగారికి నేను చెప్పానని చెప్పండి, తిట్లేవో నాకే పడతాయి.

వేరు తినే చెట్లు అసలు లేవా అంటే, ఉన్నాయి. అవి చూస్తే మునగ ఎక్కడ నిలబడుతుందో తెలుస్తుంది. బ్రెజిల్ ఈశాన్యంలో కాటింగా అనే ముళ్ల అడవి ఉంది, మన రాయలసీమ లాంటి కరువు ప్రాంతం. అక్కడ ఉంబు అనే పొట్టి చెట్టు ఉంటుంది, మన అంబాళం కాయ జాతి. దాని వేళ్లకు నీరు నిండిన దుంపలు ఊరతాయి. కరువు రోజుల్లో అక్కడి జనం వాటిని తవ్వి తిన్నారు, తీపి కూడా చేసుకుంటారు. అది నిజంగా ఆహారం. ఆస్ట్రేలియాలో కుర్రజాంగ్ అనే చెట్ల లేత మొక్కల వేళ్లను అక్కడి ఆదివాసులు తినేవారు. మునగకే అన్న వరస అయిన ఒక జాతి ఒమన్, యెమెన్ కొండల్లో ఉంది, మోరింగా పెరెగ్రినా అంటారు. దాని లేత మొక్క దుంపను అక్కడ కాల్చి తినే అలవాటు ఉంది. గల్ఫ్‌లో ఉన్న మనవాళ్లు అది చూసి ఇక్కడి మునగకూ అదే వర్తిస్తుందనుకోకూడదు, జాతి వేరు. అలాగే మన పొడి కొండల్లో దొరికే అడవి మునగ ఇంకో జాతి. దాని ఆకు రెబ్బలు పెద్దవి, బెరడు బెండులా మందం, పువ్వు మీద ఎర్రటి గీతలు ఉంటాయి, కాయ చేదు. మందుకు తవ్వేవాళ్లు దాన్ని తవ్వుతారు, మీరు దాని జోలికి పోకండి.

తేగలు ఉన్నాయి కదా అంటారేమో. తేగ వేరు కాదు, తాటి టెంక నుంచి భూమిలోకి దిగిన మొలక. దాని లెక్క వేరు.

మన నేలలో వేరు ఊరగాయ పెట్టుకునే సరదా ఉంటే దానికి సరైన పేరు మారేడు గడ్డలు. చెట్టు కాదు, తీగ. చిత్తూరు, తిరుపతి కొండల వైపు యానాదులు తవ్వి తెచ్చి అమ్ముతారు. లోపలి నార తీసేసి ముక్కలు కోసి నిమ్మరసంలో ఊరబెడితే, నన్నారి వాసనతో ఆ పచ్చడి పెరుగన్నంలోకి అద్భుతం. అయితే విపరీతంగా తవ్వేయడం వల్ల ఆ తీగ అడవిలో కరువైపోయింది, అంతరించే ముప్పున్న మొక్కల జాబితాలో ఉంది. అందుకని కొనమని గట్టిగా చెప్పలేను, దొరికితే కొంచెం కొనండి. పెంచేవాళ్ల దగ్గర మొక్క దొరికితే కుండీలో వేసుకోండి, అది ఇంకా మంచిది.

ఇప్పుడు మీ చెట్టు. అది కూలిందంటే, చాలా మటుకు కొమ్మ పాతి పెంచిన చెట్టు అయ్యుంటుంది. కొమ్మతో వచ్చిన మునగకు తల్లివేరు ఉండదు, చుట్టూ పైపైన పాకే వేళ్లే. నాలుగేళ్లు బాగా కాస్తుంది, తల బరువెక్కాక తడి నేలలో గాలి వస్తే పడిపోతుంది. గింజతో వచ్చిన చెట్టుకు ఆ దుంప లోతుకు దిగి పట్టుకుంటుంది, కరువుకీ గాలికీ తట్టుకుంటుంది. కింద గుంత చూస్తే తెలుస్తుంది. నిట్టనిలువుగా దిగిన లావు వేరు విరిగి ఉందా, లేక చాపలా పరుచుకున్న వేళ్లు లేచాయా?

సగం వేళ్లు ఇంకా నేలలోనే ఉంటే చెట్టును నిలబెట్టే ప్రయత్నం చేయకండి, అంత బరువుతో మళ్లీ పడుతుంది. మొదలు నుంచి రెండు మూడు అడుగులు ఉంచి పైదంతా రంపంతో కోసేయండి. గొడ్డలితో కొడితే మునగ కర్ర నిలువునా చీలిపోతుంది. లేచిన వేళ్ల మీద మట్టి కప్పి తొక్కండి. నీళ్లు నిలవకుండా చూడండి, మునగకు ఎండ కంటే నిలవనీరే శత్రువు, వేరు కుళ్లు తగులుకుంటుంది. మూడు వారాల్లో మొద్దు చుట్టూ మోసులు వస్తాయి. వాటిలో బలమైనవి రెండు మూడు ఉంచి మిగతావి గిల్లేయండి.

వేళ్లన్నీ పైకొచ్చేసి ఉంటే మొద్దు మీద ఆశ వదులుకుని కొమ్మలు చూసుకోండి. ముంజేయంత లావు, నాలుగడుగుల పొడవు ఉన్నవి కోసి, కోసిన చివర నీడలో రెండు మూడు రోజులు ఆరనిచ్చి, మూడో వంతు భూమిలోకి పోయేలా పాతండి. పాత చెట్టు కాయ రుచి మీకు నచ్చి ఉంటే ఇదొక్కటే దారి, ఎందుకంటే గింజతో అదే రుచి వస్తుందని లేదు. రుచి పట్టింపు లేకపోతే గింజే నాటండి, పీకేఎం-1 ఆరు నెలలకే కాయ ఇస్తుంది. రెండున్నర అడుగుల ఎత్తు రాగానే తల గిల్లేస్తే పక్క కొమ్మలు వస్తాయి, చేతికందే ఎత్తులో కాస్తుంది. ఎవరో మునగ చెట్టెక్కించారని నిచ్చెన వేసుకుని కొమ్మ మీదికి మాత్రం ఎక్కకండి, ఆ సామెత ఊరికే పుట్టలేదు. వాన తర్వాత మొదలు మీద గొంగళి పురుగులు గుంపుగా పేరుకుంటే పొద్దున్నే కాగడాతో సెగ చూపిస్తే చాలు, మందు కొట్టక్కర్లేదు. కాగడా బెరడుకు మరీ దగ్గరగా పెట్టకండి.

పడిన చెట్టు మీద ఉన్న ఆకును పారేయకండి, అసలు సిరి అదే. వంద గ్రాముల పచ్చి ఆకులో 300 మిల్లీగ్రాముల పైచిలుకు కాల్షియం, 6 గ్రాముల దాకా మాంసకృత్తులు ఉంటాయి. వాట్సాప్‌లో తిరిగే “నారింజ కంటే ఇన్ని రెట్లు, పాల కంటే అన్ని రెట్లు” లెక్కలు నమ్మక్కర్లేదు. ఎండు పొడిని పచ్చి పండుతో పోల్చితే ఏదైనా రెట్లే వస్తుంది, పైగా ఎండబెడితే విటమిన్ సి చాలావరకు పోతుంది. ఆ లెక్కలేవీ లేకుండానే అది మంచి ఆకు. కొమ్మలు విరిచి పాత చీరలో గట్టిగా చుట్టి రాత్రి వదిలేయండి, పొద్దుటికి దులిపితే ఆకంతా దానంతటదే రాలుతుంది, ఒక్కొక్క రెబ్బా దూసే పని ఉండదు. కొంత పప్పులో వేసి, మిగతాది నీడలో గలగలలాడేదాకా ఆరబెట్టి, ఎండుమిర్చి, ధనియాలు, చింతపండు వేసి కారప్పొడి కొట్టుకోండి. ఎండలో పెడితే రంగు పోతుంది. ఈ పని మాత్రం ఈరోజే మొదలుపెట్టండి, కూలిన చెట్టు మీద మునగాకు రెండ్రోజులు దాటితే పండిపోతుంది.